అరకు బండి చప్పుళ్లు

విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండి కదలకముందే మోగడం మొదలుపెడుతుంది. అరకు వెళ్లే జనం కిటికీ సీట్ల హడావుడిలో పట్టించుకోరు గానీ, ప్లాట్‌ఫారం కొసదాకా నడిచి ఇంజను పక్కన నిలబడితే పొట్టలో అదురు తెలిసేంత బరువైన మోత వినిపిస్తుంది. ఇంజను ఇంకా కదల్లేదు, మోటార్లు తిరగడం లేదు. మోగేది ట్రాన్స్‌ఫార్మరు. పై తీగలోంచి వచ్చే 25,000 వోల్టుల కరెంటును మోటార్లకు పనికొచ్చేలా తగ్గించేది అదే. అందులోని ఇనుప రేకుల దిమ్మె అయస్కాంతంగా మారినప్పుడల్లా కంటికి కనపడనంత కొద్దిగా సాగుతుంది, ఆ గుణం పోగానే యథాస్థితికి వస్తుంది. కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది, ఒక్కో ఆవృత్తిలో దిమ్మె రెండుసార్లు సాగుతుంది. కాబట్టి సెకనుకు 100 కంపనాల మోత. వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరూ, పాత ట్యూబులైటు చోకూ గుంయ్‌మనేది ఈ స్వరంలోనే. ఇంజను దగ్గర దీనికి తోడు యంత్రాలను చల్లబరిచే ఫ్యాన్ల హోరు ఒకటి కలుస్తుంది.

పెట్టెల కింద వినపడే బుస్సు వేరే కథ. బండి పొడవునా ఒక గొట్టం ఉంటుంది, అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. డ్రైవరు ఆ ఒత్తిడి తగ్గిస్తే బ్రేకులు పడతాయి, మళ్లీ నింపితే వదులుతాయి. గొట్టం ఎక్కడైనా తెగినా బండి తనంతట తానే ఆగిపోవాలన్న జాగ్రత్తతో ఇలా తలకిందులుగా అమర్చారు. బ్రేకు వదిలేటప్పుడు ప్రతి పెట్టె కింద ఉన్న సిలిండరులోని గాలి సన్నని రంధ్రంలోంచి బయటపడుతుంది. ఒత్తిడితో దూసుకొచ్చిన గాలి బయటి నిశ్చలమైన గాలితో కలిసి సుడులు తిరుగుతుంది, ఆ సుడులదే బుసంతా. టీ కోసం ప్లాట్‌ఫారం మీదికి దిగిన ప్రయాణికుడికి ఇది అక్కరకొచ్చే చప్పుడు. పెట్టె కింద బుస్సుమందంటే బ్రేకు వదిలినట్టు, బండి కదలబోతున్నట్టు. గార్డు ఈల వినపడకపోయినా దీన్ని నమ్ముకోవచ్చు.

కదిలేటప్పటి తొలి కుదుపు పెట్టెపెట్టెకూ మధ్య ఉన్న కొక్కేల వదులు వల్ల వస్తుంది. ఇంజను ముందు తన వెనక పెట్టెను లాగుతుంది, అది తన వెనకదాన్ని. అందుకే ఆ టకటక ముందు నుంచి వెనక్కి పరుగెత్తినట్టు వినిపిస్తుంది. సింహాచలం, పెందుర్తి దాటి వేగం అందుకున్నాక కిటికీ రేకుల వంతు. పాత పెట్టెల్లో షట్టరు తన గాడిలో కాస్త వదులుగా కూర్చుంటుంది. ఒక వేగం దగ్గర చెవులు చిల్లులు పడేలా గలగలలాడి, ఇంకాస్త వేగం పెరగ్గానే నోరు మూసుకుంటుంది. షట్టరుకు తనదైన ఒక కంపన వేగం ఉంటుంది, పెట్టె అదురు సరిగ్గా దానితో కలిసినప్పుడే అంత గోల. రోజూ తిరిగేవాళ్లు దీనికి దినపత్రికలోంచి ఒక కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి గాడిలోకి దోపుతారు. రైల్వే ఇంజనీరు వచ్చినా ఇంతకన్నా మంచి మందు చెప్పలేడు.

కొత్తవలస దగ్గర హౌరా లైనును వదిలి బండి కిరండూల్ దారి పడుతుంది. రైలు అనగానే గుర్తొచ్చే టకటక గురించి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే మెయిన్ లైన్లలో అది దాదాపు మాయమైంది. మన బ్రాడ్‌గేజి పట్టా మామూలు పొడవు 13 మీటర్లు. ఒక పట్టా కొసనూ రెండోదాని కొసనూ ఫిష్‌ప్లేట్లతో బిగించి, మధ్యలో కాస్త ఎడం వదులుతారు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే 13 మీటర్ల పట్టా సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎడం లేకపోతే అది పక్కకు వంగి బండిని పడదోస్తుంది. చక్రం ఆ ఎడంలో కొద్దిగా దిగి అవతలి పట్టా కొసను కొట్టినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. ఎండలకు ఎడం మూసుకుంటుంది, చలికి తెరుచుకుంటుంది. కాబట్టి అదే దారిలో డిసెంబరు తెల్లవారుజామున టకటక మే నెల మధ్యాహ్నం కన్నా గట్టిగా ఉండాలి.

ఈ టకటక నడకకు కారణం పెట్టెల నిర్మాణం. పెట్టెకు రెండు బోగీలు (చక్రాల చట్రాలు), బోగీకి రెండు ఇరుసులు. ఒక పెట్టె వెనక బోగీ, దాని తర్వాతి పెట్టె ముందు బోగీ దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక నాలుగు ఇరుసులు వెంటవెంటనే అతుకు దాటతాయి. తాళం తెలిసినవాళ్లు దీన్ని చతురశ్రం అనుకోబోతారు గానీ దెబ్బల మధ్య దూరం సమానం కాదు. పాతరకం పెట్టెల్లో అది 2.9 మీటర్లు, తర్వాత సుమారు నాలుగున్నర, మళ్లీ 2.9, ఆపైన 12 మీటర్ల ఖాళీ. ఆ ఖాళీయే దానికి ఊపు. తలుపు దగ్గర కూర్చుంటే నాలుగు దెబ్బలూ స్పష్టంగా వినిపిస్తాయి, పెట్టె నడిమధ్యలో అంతా కలగలిసిపోతుంది. ఈ చప్పుడుతో వేగం కూడా లెక్కపెట్టొచ్చు: ఒకే బోగీ 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే బండి గంటకు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. మూడు పట్టాలను కలిపి ఒకటిగా అతికిన చోట్ల వచ్చిన లెక్కను మూడింతలు చేసుకోవాలి.

ఇప్పుడు చాలా దారుల్లో పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు. సాగాలని చూసే పట్టాను స్లీపర్లూ కంకరా కదలనీయకుండా పట్టి ఉంచుతాయి. అలాంటి దారిలో మిగిలేది ఏకధాటి హోరే. స్టేషన్లలో దారి మారే చోట్ల, అతుకులు తీయని పదునైన వంపుల్లో మాత్రం పాత టకటక బతికి ఉంది. ఘాట్ దారి నిండా అలాంటి వంపులే.

శృంగవరపుకోటలో పల్లీలవాళ్లు, టీలవాళ్లు ఎక్కుతారు. చక్రాల మోతా ఫ్యాన్ల హోరూ నిండిన పెట్టెలో పక్కసీటు మనిషి మాట అందదు గానీ, రెండు వరుసల అవతల నుంచి టీ అబ్బాయి కేక చక్కగా అందుతుంది. బండి మోతలో బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది. మనిషి చెవి బాగా పనిచేసేది సెకనుకు 2,000 నుంచి 5,000 కంపనాల మధ్య. టీ అమ్మేవాడు గొంతును ముక్కులోంచి పిండి, సరిగ్గా ఆ ఖాళీ జాగాలోకి తన కేకను పంపుతాడు. ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. గొంతు పోగొట్టుకోకుండా రోజంతా అరవాల్సిన మనిషి తనే కనిపెట్టుకున్న ఉపాయం.

బొడ్డవర దాటగానే తూర్పు కనుమల ఎక్కుడు మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన దారి ఇది. ప్రయాణికుల కోసం కాదు. యాభైకి పైగా సొరంగాలు తవ్వి, కొండ చుట్టూ వంపు మీద వంపు తిప్పితే గానీ దారి పైకెక్కలేదు. శివలింగపురం దగ్గరి నుంచి ప్రతి వంపులోనూ చెవిని కోసే ఒక కీచు వినిపిస్తుంది. బ్రేకు వేశారనుకుంటారు చాలామంది. బ్రేకుకు దీనితో సంబంధం లేదు.

రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకేసారి తిరగాల్సిందే. వంపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఈ చిక్కు తీర్చడానికి చక్రం పట్టా మీద దొర్లే తలాన్ని ఏటవాలుగా చెక్కుతారు. బండి బయటివైపుకు జరిగితే బయటి చక్రం తన పెద్ద చుట్టుకొలత మీద, లోపలి చక్రం చిన్న చుట్టుకొలత మీద దొర్లుతాయి, లెక్క సరిపోతుంది. ఇదంతా మెల్లని వంపుల్లో. ఘాట్ వంపుల్లో ఆ ఏటవాలు చాలదు. పైగా ఒకే చట్రంలో బిగించిన రెండు ఇరుసులూ వంపుకు తగ్గట్టు మెలి తిరగలేవు. దాంతో ముందు ఇరుసు చక్రాలు దొర్లుతూనే పట్టా మీద అడ్డంగా కూడా జారాల్సి వస్తుంది. ఉక్కు మీద ఉక్కు ఒక్క ఊపున జారదు. క్షణం అతుక్కుంటుంది, లాగుడు పెరిగితే విడివడి జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. నల్లబల్ల మీద సుద్దముక్క నిలువుగా పట్టి గీసినప్పుడు జరిగేదీ ఇదే. ఈ అతుకు, జారుడు సెకనుకు వందల నుంచి వేలసార్లు జరిగేసరికి చక్రం మొత్తం తన సహజ స్వరంలో మోగుతుంది.

కిటికీలోంచి తల బయటపెట్టకుండానే ఇందులో ఇంకో తేడా గమనించొచ్చు. సన్నగా, ఒకే స్వరంలో సాగే కీచు ఎక్కువగా వంపు లోపలివైపు చక్రానిది. గరగరా రాసుకుంటున్న మోత బయటి చక్రం అంచుది, అది పట్టా పక్కభాగాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి చక్రమూ పట్టా రెండూ అరిగిపోతాయి కాబట్టి బయటి పట్టా లోపలి అంచుకు గ్రాఫైటు గ్రీజు పూస్తారు. ఆగి ఉన్నప్పుడు చూస్తే వంపు పట్టా పక్కన నల్లగా జిడ్డు కనిపిస్తుంది. వాన పడితే కీచు తగ్గుతుంది, పట్టా మీది నీటి పొర అతుక్కోనివ్వదు. శ్రావణ భాద్రపదాల్లో అరకు వెళ్లినవాళ్లకూ, జనవరిలో వెళ్లినవాళ్లకూ ఇదే దారి రెండు రకాలుగా గుర్తుండటానికి పచ్చదనం ఒక్కటే కారణం కాదు.

త్యాడ, చిమిడిపల్లి లాంటి చిన్న స్టేషన్లలో ఒక్కోసారి ఎదురుబండి కోసం ఆగాల్సి వస్తుంది. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు గానీ, చప్పుళ్లు వినడానికి ఆగి ఉన్న బండే మేలు. కిందికి దిగే గూడ్సు బండి ఖనిజం నిండా పోసుకుని వస్తుంది, పైకి పోయేది ఖాళీగా పోతుంది. నిండు బండి నేలను అదిరిస్తూ బరువుగా సాగిపోతుంది. ఖాళీది పదింతల గోల చేస్తుంది. వ్యాగన్ల స్ప్రింగులు నిండు బరువుకు తగ్గట్టు గట్టిగా చేసినవి, ఖాళీ వ్యాగన్ వాటి మీద కుదురుగా కూర్చోదు. పైగా రేకు గోడల్ని అదిమి పట్టే ఖనిజం లోపల లేదు, కాబట్టి గోడలు స్వేచ్ఛగా అదురుతాయి. నిండుకుండ తొణకదన్న సామెత ఈ దారిలో పొద్దస్తమానం రుజువవుతూనే ఉంటుంది.

ఆ గూడ్సు ఇంజను కూత మీద కూడా కాస్త చెవి పెట్టాలి. మనల్ని దాటుతున్న క్షణంలో కూత స్వరం దిగిపోతుంది. ఎదురొచ్చేటప్పుడు గాలి అలలు దగ్గరదగ్గరగా చేరి చెవిని తాకుతాయి, దాటిపోయేటప్పుడు ఎడంఎడంగా అందుతాయి. డాప్లర్ ప్రభావమని బడిలో చదువుకున్నదే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ కూత మెయిన్ లైను ప్లాట్‌ఫారం మీద నిలబడినవాళ్లకు దాదాపు పంచమం నుంచి అంతర గాంధారానికి దిగినట్టు వినిపిస్తుంది. ఘాట్‌లో 30 కిలోమీటర్ల వేగంతో దిగే గూడ్సు కూతకు శుద్ధ మధ్యమం నుంచి అంతర గాంధారానికి దిగినంత తేడా కూడా ఉండదు. సంగీతం తెలిసిన చెవి అయితేనే పట్టుకుంటుంది.

సొరంగం రాగానే పెట్టెల్లో కుర్రకారు కేకలు మొదలుపెడతారు. అరకు బండిలో ఇది ఆనవాయితీ. వాళ్ల కేకలకు ప్రతిధ్వని రాదు. విడిగా ప్రతిధ్వని వినపడాలంటే ఎదురుగా ఉన్న గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే వెళ్లిన ధ్వనీ తిరిగొచ్చిన ధ్వనీ చెవిలో కలిసిపోతాయి. సొరంగం గోడ చేయి చాస్తే తగిలేంత దూరంలో ఉంటుంది. అందుకే అక్కడ వినిపించేది సాగదీసిన మోత. బండి చప్పుడు రెట్టింపైనట్టు అనిపించడమూ ఇందుకే: బయట ఆకాశంలోకి పోయే ధ్వని ఇక్కడ రాతిగోడలకు కొట్టుకుని కిటికీల్లోంచి వెనక్కొస్తుంది. ఇనుప వంతెన మీద మోత పెరగడానికి కారణం మరొకటి. మామూలు దారిలో అదురును మింగేసే కంకర అక్కడ ఉండదు, పట్టాల అదురంతా గర్డర్లలోకి దిగి వాటి వెడల్పాటి ఉక్కు పలకల నుంచి బయటికొస్తుంది.

చెవులు దిబ్బెడ వేయడం మాత్రం సొరంగాల పని కాదు, ఎత్తుది. సముద్రమట్టం నుంచి బయల్దేరిన బండి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ చేరేసరికి గాలి ఒత్తిడి పదో వంతుకు పైగా తగ్గుతుంది. కర్ణభేరి వెనక చిక్కుకున్న గాలి ఒత్తిడి ఎక్కువై, గొంతులోకి పోయే సన్నని నాళం తెరుచుకున్నప్పుడు టప్‌మని బయటపడుతుంది. ఎక్కేటప్పుడు అది తనంతట తనే జరుగుతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి పోవాలంటే నాళాన్ని మనమే తెరవాలి. కాబట్టి తిరుగు ప్రయాణంలోనే దిబ్బెడ ఎక్కువ. గుటక వేస్తే పోతుంది, చంటిపిల్లలకైతే పాలు పట్టాలి.

బొర్రా గుహలు దారిలోనే, శిమిలిగుడకు ముందు వస్తాయి. గోస్తనీ నది వాటి గుండా పారుతుంది. సున్నపురాయి కప్పు నుంచి బొట్టు బొట్టుగా నీరు కారుతూనే ఉంటుంది. రాతి మీద పడే బొట్టు చప్పుడు మొద్దుగా ఉంటుంది, చిన్న నీటిగుంటలో పడేది టిక్కుమంటుంది. బొట్టు నీటిని కొట్టడం వల్లే ఆ టిక్కు అనుకుంటాం. 2018లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు అతివేగపు కెమెరాలూ, నీటి లోపల మైకులూ పెట్టి చూస్తే అసలు సంగతి తేలింది. బొట్టు తాకగానే నీటి మీద చిన్న గుంట పడుతుంది, చప్పుడు దాదాపు ఉండదు. ఆ గుంట పూడుకుపోయేటప్పుడు అడుగున ఒక గాలిబుడగ చిక్కుకుంటుంది. అది ఉబ్బుతూ ముడుచుకుంటూ పైనున్న నీటి తలాన్ని ఊపుతుంది, మనకు వినపడేది ఆ ఊపు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు 3,000కు పైగా కంపిస్తుంది. బుడగ పెద్దదైతే స్వరం తగ్గుతుంది. ఇంట్లో కుళాయి కారి నిద్ర పట్టనివాళ్లు కింద పెట్టిన బకెట్ నీళ్లలో కాస్త గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపితే బుడగ చిక్కుకోదు, చప్పుడు ఆగుతుంది. ఇది కూడా ఆ పరిశోధకులు చెప్పిందే.

గుహ కప్పుకు వేలాడే గబ్బిలాలు దారి వెతుక్కునే కూతలు మనకు వినపడవు, అవి మనిషి చెవి హద్దు అయిన సెకనుకు 20,000 కంపనాల పైన ఉంటాయి. వినపడే కిచకిచలు వాటిలో అవి పోట్లాడుకునేవి.

అరకులో దిగినవాళ్లను ముందు పలకరించేది బొంగు చికెన్ పొగ. నిప్పుల మీద పెట్టిన పచ్చి బొంగు చిటపటలాడుతూనే ఉంటుంది. గోడల్లోని తేమ ఆవిరై, పోయే దారి లేక పీచును చీల్చుకుని బయటపడే చప్పుడది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా జాగా కావాలి. రెండు కణుపుల మధ్య పూర్తిగా మూసుకున్న బొంగును నిప్పుల్లో వేస్తే టపాకాయలా పేలుతుంది. వండేవాళ్లు ఒక కొసన కణుపు తీసేసి, మాంసం కూరి, ఆ నోటిని ఆకులతో మూస్తారు. ఆకు మూత ఆవిరిని సన్నగా వదులుతూ ఉంటుంది కాబట్టి బొంగు పేలదు. పోపులో ఆవాలు పేలడం వెనకా ఇదే ఆవిరి ఉంది.

పక్కన టీకొట్టులో నీళ్లు కాగుతుంటాయి. మరగడానికి ముందు గిన్నె గట్టిగా హోరుమంటుంది, మరగగానే ఆ హోరు తగ్గి తెర్లే చప్పుడు మిగులుతుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు మొదట్లో పైనున్న చల్లటి నీటిని తాకి చిట్లిపోతాయి, హోరంతా వాటిది. నీళ్లన్నీ సమంగా కాగాక బుడగలు చిట్లకుండా పైదాకా వస్తాయి. అనుభవం ఉన్న టీకొట్టు మనిషి మూత తీసి చూడడు, చప్పుడు తగ్గిందా అని వింటాడు. అరకు ఎత్తులో అది 97 డిగ్రీల దగ్గరే జరిగిపోతుంది.

సాయంత్రం థింసా నృత్యం ఆడేముందు డప్పులను మంట దగ్గర కాస్తారు. చలికి తేమ పీల్చి తోలు వదులై ఉంటుంది, అప్పుడు కొడితే డబడబ తప్ప ఏమీ పలకదు. వేడికి తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, స్వరం లేస్తుంది. ఎంత కాచినా డప్పుకు మృదంగంలా శ్రుతి నిలవదు. సమానంగా బిగించిన పలచటి తోలు ఒకదానితో ఒకటి పొసగని స్వరాలు ఇస్తుంది. మృదంగం మీది నల్లటి ముద్ద వాటిని వరుసలోకి తెస్తుందని 1920లో చూపించిన శాస్త్రవేత్త సి.వి. రామన్. ఆయన చదువుకున్న బడి ఈ బండి బయల్దేరిన విశాఖలోనే ఉంది. డప్పుకు శ్రుతి లేకపోవడం లోపమేమీ కాదు. వందమంది అడుగు కలపడానికి కావాల్సింది గట్టి దెబ్బే.

రాత్రి రేకుల కప్పు గదిలో పడుకుంటే పైన టిక్కు టిక్కుమని ఎవరో గులకరాళ్లు వేసినట్టుంటుంది. పగలు సాగిన రేకు చలికి కుంచించుకుంటూ మేకుల దగ్గర అతుక్కుని, జారి, మళ్లీ అతుక్కుంటోంది. ఘాట్ వంపులో చక్రం చేసిందే రేకు గంటల తరబడి నింపాదిగా చేస్తోంది. పగలు వినపడని గూడ్సు బండి రాత్రి ఊరి పక్కనే పోతున్నట్టు వినిపించడానికి కారణం నిశ్శబ్దం ఒక్కటే కాదు. లోయలో రాత్రిపూట చల్లటి గాలి నేలకు దిగి, దానిపైన వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. వెచ్చటి గాలిలో ధ్వని వేగం ఎక్కువ, అందువల్ల పైకి పోయిన అలలు వంగి కిందికే వస్తాయి. పగలు నేల కాగి ఉన్నప్పుడు ఇదే అల పైకి వంగిపోయి మనకు అందదు. కీచురాళ్ల గోల మాత్రం చలికాలంలో తగ్గిపోతుంది. చలి పెరిగేకొద్దీ వాటి రెక్కల ఒరిపిడి మందగిస్తుందని 1897లోనే డోల్బేర్ అనే అమెరికన్ లెక్కగట్టాడు.

ఈ బండికి 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె ఉంది. చూడటానికి దాన్ని మించింది లేదు, వినడానికి దాన్ని మించిన అడ్డూ లేదు. బిగించిన అద్దాలూ ఏసీ హోరూ కలిసి వంపుల కీచునూ సొరంగం మోతనూ చాలావరకు మింగేస్తాయి. ఘాట్ దారిని చెవితో కూడా చూడాలనుకునేవాళ్లు మామూలు పెట్టెలో, తలుపుకు దగ్గరగా, కిటికీ పక్క సీటు తీసుకోవాలి. షట్టరుకు అడ్డం పెట్టుకోవడానికి ఒక పాత పేపరు దగ్గరుంచుకుంటే మంచిది.